లాజరు వంతు

నాకు నిదానం అంటే గిట్టదు. పుట్టుకతోనే అంతే. మంత్రసాని గడప దాటకముందే నేను వచ్చేశానని మా అమ్మ చెప్పేది. అన్నం ఉడికేలోపు కూర దించాలి, కూర దించేలోపు వాకిలి ఊడవాలి, లేకపోతే నాకు ఊపిరాడదు. అలాంటి నా నెత్తిన ఆ దేవుడు ఒక చేపను తెచ్చి పెట్టాడు. ఈ లోకంలో దానికంటే నిదానమైన ప్రాణి ఇంకొకటి ఉంటే నాకు మాత్రం చూపించకండి, దండం పెడతాను.

ఆ చేప మాది కాదు, రోసమ్మక్కది.

బోయిగూడలో మాకూ రోసమ్మక్క వాళ్ళకూ ఒకటే ఇల్లు. రెండు వాటాలు, మధ్యన ఉమ్మడి వరండా, ముందు వాకిలి. మేము దూదేకులవాళ్ళం. మా ఆయన పీరా వాకిట్లో కూర్చుని విల్లుతో దూది ఏకి పరుపులూ బొంతలూ కుట్టేవాడు. అంచులు కుట్టడం నా పని. పక్క వాటాలో జకర్యా మాస్టారు, ఆయన భార్య రోసమ్మక్క. కాకినాడ వాళ్ళు. మాస్టారు మిషన్ బడిలో సైన్సు చెప్పేవారు. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ ముచ్చటంతా చేప మీదే తీర్చుకునేవాళ్ళు.

ఒకసారి ఎండాకాలం సెలవులకు ఊరెళ్ళినప్పుడు, ఉప్పుటేరు గట్టున జాలరులు వలలోంచి ఏరి పారేసిన వాటిలో అది మాస్టారికి కనిపించిందట. పసుపుపచ్చ ఒళ్ళు, వీపు మీద నల్ల చుక్కలు, పొట్ట బంతిలా ఉబ్బించుకుని వెల్లకిలా పడి ఉంది. దాని ఒళ్ళంతా విషమట, తింటే మనిషి దక్కడట, అందుకే అక్కడ దాన్నెవరూ ఇంటికి తీసుకుపోరు. చచ్చిందనుకుని, బడిపిల్లలకు చూపించవచ్చని ఊరగాయ జాడీలో ఏటి నీళ్ళు పోసి వేసుకున్నారు. ఇంటికొచ్చి మూత తీస్తే ఈదుతోంది. చచ్చి లేచింది కాబట్టి, బైబిల్లో చచ్చి లేచిన లాజరు పేరు పెట్టి, జాడీని ఒళ్ళో పెట్టుకుని రైల్లో సికింద్రాబాదు దాకా తెచ్చారు. ఇనప చట్రానికి అద్దాలు బిగించి తొట్టి ఆయనే చేశారు. బావినీళ్ళు పోసి గుప్పెడు ఉప్పు కలిపేవారు. పైన ఇనప జాలీ మూత. వరండాలో బల్ల మీద ఆ తొట్టి, బల్ల చుట్టూ వీధిలోని పిల్లలూ పెద్దలూ. మా ఆయన దాన్ని లాజర్ మియా అనేవాడు.

మా అత్త నజ్మున్నీసాకు ఉబ్బసం. మృగశిర కార్తె నాడు పాతబస్తీలో చేపమందు ఇస్తారు. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి, దాన్ని అలాగే రోగి గొంతులో వదులుతారు. వరసగా మూడేళ్ళు మింగాలి. చేపపిల్లను ఎవరిది వాళ్ళే కొనుక్కుపోవాలి. ఆ ఏడు మా అత్తకు మొదటి ఏడు. అది నలభై ఎనిమిది. ఊళ్ళో రజాకార్ల గడబిడ, సరిహద్దుల్లో సరుకులు ఆగిపోయి అన్నిటికీ కటకట. వచ్చే ఏడు చేపలు దొరుకుతాయో లేదో అని మా అత్త ముందుచూపుతో వచ్చే ఏటికొకటి, ఆ పై ఏటికొకటి కూడా కొనుక్కొచ్చేసింది.

చేపపిల్ల ఏడాదిలో పెద్ద చేప అవుతుందని మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. ఆవకాయ దాచుకున్నట్టే అనుకున్నాం.

వాటిని బకెట్లో వేస్తే ఎగిరి బయటపడ్డాయి. ఒకటి మంచం కింద దొరికింది, ఒకటి పిల్లి నోట్లోంచి దొరికింది. రోసమ్మక్క అది చూసి, "మా తొట్టిలో వెయ్యండి పెద్దమ్మగారూ, జాలీ మూత ఉంది కదా, ఎగరలేవు" అంది. వేశాం. అప్పట్లో అవి వేలెడు లేవు. లాజరే వాటి వెనకపడి తోకలు కొరికేవాడు. పాపం పసివాళ్ళు అని మా అత్త లాజరును తిట్టేది.

ఆగస్టు వచ్చేసరికి మాస్టారి బడి మూసేశారు. వీధిలో ఒక్కొక్క ఇంటికే తాళం పడుతోంది. మాస్టారు వాళ్ళు కూడా బెజవాడ మీదుగా కాకినాడ వెళ్ళిపోదామని తేల్చుకున్నారు. బయలుదేరే పొద్దున రోసమ్మక్క నా రెండు చేతులూ పట్టుకుంది.

"మళ్ళీ ఎప్పుడొస్తామో ఏమో తెలీదమ్మా ఖమరూ. ఇల్లు జాగ్రత్త. లాజరు జాగ్రత్త. వాడిని తొందరపెడితే తినడు, కాస్త నిమ్మళంగా చూసుకో."

"నువ్వు పరేషాన్ గాకక్కా. నా పానం లెక్క జూస్త" అన్నాను.

జట్కా వీధి చివర తిరిగేదాకా నిలబడ్డాం. తర్వాత మా అత్త చాప మీద కూర్చుని నాకొక్క మాట చెప్పింది. "జూడు ఖమరూ, ఇది అమానత్. నమ్మి చేతిల బెట్టిన సొమ్ము. ఎట్లిచ్చిండ్రో అట్లనే మళ్ళ ఇయ్యాలె. జొన్నగింజంత తక్కువైన సుత రేపు అల్లా ముందట జవాబు చెప్పాలె."

ఆ మాట నన్ను గట్టిగా పట్టుకుంది. అమానత్ అంటే మాలో ఆటలు కాదు. పక్కింటివాళ్ళు దాచమని ఇచ్చిన బియ్యానికి పురుగు పడితే, తన బియ్యం కలిపి తూకం సరిచేసి ఇచ్చిన మనిషి మా నాన్న.

అసలు కథ అప్పుడు మొదలైంది. కొర్రమీలు పెరిగాయి. ఎలా పెరిగాయంటారు, వాన కురిసిన మర్నాడు పుట్టగొడుగులు పెరిగినట్టు. చూస్తుండగానే జానెడైనాయి. నోళ్ళు చూస్తే నాకే భయం వేసేది. నేను మాంసం ముక్క నీళ్ళలో వేస్తే అది అడుగుకు చేరేది కాదు. గిర్రున నీళ్ళు తిరిగేవి, ముక్క మాయం. లాజరు సంగతి వేరు. అతగాడి రెక్కలు చెవుల దగ్గర చిన్న విసనకర్రల్లా ఉంటాయి. వాటిని ఆడించుకుంటూ, ఒక కన్ను ముక్క వైపు, ఇంకో కన్ను నా వైపు పెట్టి, రానా వద్దా అని ఆలోచించుకుంటూ బయలుదేరేవాడు. వచ్చేసరికి విందు ముగిసి విస్తళ్ళు ఎత్తేసేవాళ్ళు.

"జెల్దీ రారా నాయన, జెల్దీ రా" అని నేను అద్దం మీద వేలితో కొట్టేదాన్ని. అతను ఆగి నన్ను చూసేవాడు. ఆ ఆగడంలో ఇంకో ముక్క పోయేది.

ముందు కొర్రమీల కడుపు నింపి, తర్వాత లాజరుకు పెడదామనుకున్నాను. తెలివైన ఆలోచనే అనిపించింది. కానీ వాటికి కడుపు నిండడం అనేది లేదు. తిన్నకొద్దీ పెరిగాయి, పెరిగినకొద్దీ తిన్నాయి. తీసి పారేద్దామంటే మా అత్త తొట్టికి అడ్డంగా నిలబడింది. "అవి నా మందు. నా ఊపిరి. మీ అమానత్ మీకెంతో నా చేపలు నాకంత" అంది. ఆమె గొంతులో పిల్లికూతలు వింటూ కాదనడం ఎవరి తరం.

"అమ్మా, వచ్చే సాలు నువ్వు దాన్ని మింగుతవా, అది నిన్ను మింగుతదా" అని మా ఆయన అడిగితే, రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు.

లాజరు చిక్కిపోయాడు. గుండ్రటి పొట్ట లోపలికి పోయి, తల పెద్దగా, ఒళ్ళు సన్నగా, తోక దగ్గర ముడతలతో మిగిలాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎలీసబెతు వచ్చింది.

ఎలీసబెతు మాస్టారి చెల్లెలు. భర్త రైల్వేలో ఉద్యోగం, మెట్టుగూడలో కాపురం. అన్నగారి ఇల్లు ఎలా ఉందో చూసిపోదామని వచ్చానంది. తలుపు తీసి చూపించాను. గదులు తుడిచి ఉన్నాయి, బిందెలు బోర్లించి ఉన్నాయి, ఒక్క చెంచా కదలలేదు. ఆమె అన్నీ చూసి, వరండాలోకి వచ్చి తొట్టి ముందు ఆగింది.

"ఇదేంటి, వీడిలా అయిపోయాడు?"

"తింటలేడమ్మా" అన్నాను.

"తినట్లేదా, పెట్టట్లేదా? మీ చేపలు మాత్రం దున్నల్లా ఉన్నాయే." గొంతు తగ్గించింది గాని నాకు వినపడేంతే తగ్గించింది. "వదినకు అందరం చెప్పాం, ఎవరి చేతుల్లో పెట్టి వెళ్తున్నావో చూసుకోమని. ఈ రోజుల్లో ఎవరు ఎవరికి అవుతారు."

నా నోరు ఊరుకునే నోరు కాదు. బజారులో పావు గజం బట్ట కొలతలో తగ్గితే వీధంతా వినపడేలా అడుగుతాను. ఆ పూట మాత్రం మాస్టారి వాటాకు తాళం వేసి తాళంచెవి కొంగున కట్టుకున్నాను. ఆమె "ఎవరి చేతుల్లో" అన్నది నా ఒక్కదాని చేతుల గురించి కాదని నాకు తెలుసు. ఆమె వెళ్ళిపోయాక వంటింట్లో కూర్చుని ఏడ్చాను. రోసమ్మక్క తిరిగొచ్చి ఖాళీ తొట్టి చూస్తే, ఇంతకాలం ఒక్క బావి నీళ్ళు తాగినదంతా ఏమవుతుంది? ఆమె నన్ను తిట్టదు. తిట్టినా బాగుండు. మర్యాదగా నవ్వి, తలుపు దగ్గరగా వేసుకుంటుంది. అంతకంటే నాకు నరకం వేరే లేదు.

మర్నాడు చెరువు వైపు నుంచి పొన్నగంటి కూర అమ్ముకునే ఆమె వచ్చింది. తొట్టి పక్కనే కూర్చుని, మనసు ఎటో పెట్టుకుని, కూర తుంచుతున్నాను. కాడకు ఒక చిన్న నత్త అంటుకుని ఉంది. అసలే చిరాకుగా ఉన్నానేమో, "ఇది సుత మీరే మింగుండ్రి" అని జాలీ ఎత్తి నీళ్ళలోకి విసిరాను. పెద్ద కొర్రమీను ఒక్క ఊపులో వచ్చి మింగింది. వెంటనే థూ అని ఉమ్మేసింది. రెండోది మింగింది, అదీ ఉమ్మేసింది. గుల్ల గట్టిది, వాటికి మింగుడుపడలేదు. నత్త అడుగుకు చేరి కూర్చుంది.

లాజరు బయలుదేరాడు. రెక్కలు ఆడించుకుంటూ, దారిలో ఒకసారి ఆగి, వెనక్కి తిరిగి, మళ్ళీ ముందుకు వచ్చి, నత్త మీద వంగి ఒక కంటితో చూశాడు, ఇంకో కంటితో చూశాడు. అతని నోట్లో పళ్ళు చిలక ముక్కులా ఉంటాయి. కటుక్కుమంది. అద్దం బయటికి వినపడింది ఆ చప్పుడు. గుల్ల పగిలి, లోపలి మెత్తదనం లాజరు పొట్టలోకి పోయింది.

"ఏమయ్యా, ఇటు రా" అని నేను పెట్టిన కేకకు మా ఆయన విల్లు కింద పడేసి పరుగెత్తుకొచ్చాడు, ఇంటికి నిప్పంటుకుందని.

ఆ రోజు నుంచి మా ఇంట్లో నత్తల వేట. నేను హుస్సేన్‌సాగర్ గట్టుకు పోయేదాన్ని. కూరామెకు ముందే చెప్పిపెట్టేదాన్ని. పరుపు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళను కూడా, మీ దొడ్డిలో నత్తలున్నాయా అని మా ఆయన అడిగేవాడు. జనం మమ్మల్ని చూసి నవ్వుకున్నారు, నవ్వుకోనీ. పూటకు ఇన్ని చొప్పున కటుక్కు కటుక్కుమంటుంటే, మా అత్త తమలపాకులో వక్క కొరుకుతూ, "వీనికి నాకన్న పండ్లు మంచిగున్నయి" అనేది. ఉప్పు కటకటగా ఉన్న రోజుల్లో, కూరలో తగ్గించి తొట్టిలో వేస్తున్నానని మాత్రం గొణిగేది. "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె." అయినా తన గిన్నెలోది తనే తగ్గించుకునేది. లాజరు పొట్ట గుండ్రమైంది. చుక్కలు నిగనిగలాడాయి. నేను వంట చేస్తూ పాటలు పాడాను.

సెప్టెంబరులో ఒక సోమవారం పొద్దున, యూనియన్ సైన్యం సరిహద్దు దాటిందని వార్త వచ్చింది. దానికి పోలీసు చర్య అని పేరు పెట్టారు. పెద్దవాళ్ళ లెక్కలు పెద్దవాళ్ళకుంటాయి. మాకు మాత్రం అది నత్తలు దొరకని వారం.

బోయిగూడ మొత్తం తలుపులు బిగించుకుంది. హిందువులకు రజాకార్ల భయం, మాకు రేపు ఏమవుతుందోనన్న భయం, అందరికీ కలిపి ఆకాశంలో విమానం మోగితే భయం. గట్టుకు పోవడం మాట దేవుడెరుగు, వాకిలి దాటడానికే మా ఆయన ఒప్పుకోలేదు. పని లేదు. విల్లు గోడకు వేలాడుతోంది. నత్తలు నిండుకున్నాయి. ఇంట్లో ఉన్నది మా అత్త ఎండబెట్టి దాచిన మాంసం ముక్కలు. నానబెట్టి వేశాను. మళ్ళీ పాత కథే. కొర్రమీలు మింగేశాయి, లాజరు చూస్తూ ఉండిపోయాడు. ఆ రోజూ అంతే, మర్నాడూ అంతే.

తొట్టి ముందు కూర్చుని ఆలోచించాను. కూర్చుని ఆలోచించడం నాకు కొత్త. ఎప్పుడూ పొద్దున మా ఆయన దూది ఏకడం మొదలుపెట్టగానే మా అత్త గిన్నె పట్టుకుని తొట్టి ఎడమ మూలకు వచ్చి తన చేపలకు పెట్టుకునేది. అలా అలవాటై, విల్లు మోగితే చాలు, మా అత్త రాకముందే అవి రెండూ ఆ మూలకు చేరి నోళ్ళు తెరిచి నిలబడేవి. ఇప్పుడు విల్లు మోగడం లేదు కాబట్టి, ఏ మూల ఏం పడుతుందోనని తొట్టంతా కలియతిరుగుతున్నాయి.

"ఏమయ్యా, జెర విల్లు దీసి కొట్టు" అన్నాను.

మా ఆయన నన్ను వింతగా చూశాడు. "నీకేమన్న పిచ్చా? గల్లీల చీమ చిటుక్కుమంటలేదు. నేను టంగు టంగుమని కొడితె ఎవడన్న ఏమనుకుంటడు?"

"ఏమన్న అనుకోని. అమానత్ సచ్చిపోతుంది."

మా అత్త మంచం మీంచి అంది, "కొట్టు బిడ్డా. పానం మీదికొస్తె నేను జవాబు చెప్త." అన్నాళ్ళుగా తన చేపల వైపు నిలబడ్డ మనిషి, తనే లేచి గిన్నె తీసుకుని ఎడమ మూలకు వెళ్ళింది.

ఏకడానికి దూది లేదు. మా ఆయన ఉత్త నారినే కట్టెతో కొట్టాడు. టంగ్ మంది. ఆ నిశ్శబ్దంలో వీధి చివరిదాకా వినపడేంత గట్టిగా మోగింది. కొర్రమీలు రెండూ తటాలున ఎడమ మూలకు తిరిగాయి. మా అత్త తుంపులు తుంపులుగా వేస్తూ వాటిని అక్కడే ఉంచింది. నేను పరుపులు కుట్టే పొడుగు సూది తీసుకుని, మొనను గుడ్డలో చుట్టి చేత్తో పట్టుకుని, బెజ్జానికి దారంతో ఒక మెత్తటి ముక్క కట్టి, కుడి మూలన లాజరు ముందుకు దించాను.

"తిన్నడా?" మా ఆయన కొడుతూనే అడిగాడు.

"చూస్తున్నడు."

టంగ్, టంగ్, టంగ్.

"ఇప్పుడు?"

"ఇంకా చూస్తున్నడు."

"నీ లాజర్ మియా తినేదాంక నా విల్లు తెగుతదే."

నా చెయ్యి తిమ్మిరెక్కింది. ముక్కు మీద ఈగ వాలింది, తోలుకోలేదు. పుట్టి బుద్ధెరిగాక అంతసేపు కదలకుండా నేనెప్పుడూ లేను. ఎక్కడో దూరంగా విమానం గుర్రుమంది. లాజరు ముందుకొచ్చాడు, వెనక్కి పోయాడు, సూది చుట్టూ ప్రదక్షిణం చేశాడు. చివరికి ముక్కను నోటితో పట్టి, తలను ఇటొకసారి అటొకసారి విదిలించి, దారం మాత్రం వదిలి ముక్క తిన్నాడు. మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అంత భయంలో, అన్ని తలుపులు మూసిన వీధిలో, మేము ముగ్గురం చప్పుడు కాకుండా ఒళ్ళు ఊగేలా నవ్వాం.

అప్పుడు తలుపు చప్పుడైంది. నవ్వు ఆగిపోయింది. మా ఆయన విల్లు పక్కన పెట్టి తలుపు ఓరగా తీశాడు. ఎదురింటి సదాశివ. కిరాణా కొట్టు మనిషి. నుదుట విబూది, భుజాన తువ్వాలు.

"పీరన్నా, గీ టైంల పరుపులెవలికే?"

"పరుపులు గాదన్నా, చేపకు" అన్నాడు మా ఆయన.

సదాశివ లోపలికొచ్చి, సూదితో నిలబడ్డ నన్నూ, గిన్నెతో నిలబడ్డ మా అత్తనూ, నింపాదిగా నములుతున్న లాజరునూ చూశాడు. గోడకు చేరబడి కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. పోయేటప్పుడు గుమ్మంలో ఆగాడు. "రోజు కొట్టన్నా. ఆ సప్పుడు ఇనబడితె మా ఇంటిది జెర ధైర్యంగున్నది. గల్లీల మనుషులున్నరని సమజైతుంది" అన్నాడు.

అలా ఆ వారమంతా రోజూ విల్లు మోగింది. శుక్రవారం సాయంత్రం నిజాము లొంగిపోయాడని రేడియోలో చెప్పారు. మర్నాడు వీధిలో జెండాలు, జేజేలు. ఎవరింటి సంతోషం వాళ్ళది. మేము తలుపు ఓరగా వేసుకునే ఉన్నాం. సదాశివ భార్య సుమిత్ర మాత్రం గోడ మీంచి ఒక గిన్నె అందించింది. మిఠాయి అనుకుని మూత తీశాను. వాళ్ళ దొడ్లో ఏరిన నత్తలు. ఆ గిన్నెను గుండెకు హత్తుకున్నాను, ఏం సిగ్గు.

రైళ్ళు సరిగా నడిచేసరికి అక్టోబరు వచ్చింది. మాస్టారు వాళ్ళు వస్తున్నారని ఎలీసబెతు కబురు పంపింది. నేను తొట్టి కడిగాను. అద్దాలు బూడిదతో తోమాను. లాజరుకు పొద్దున్నే ఇన్ని నత్తలు పెట్టి వెలగపండంత గుండ్రంగా చేశాను. తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని, తొట్టి పక్కనే నిలబడ్డాను. ముందు చేపను చూడాలి రోసమ్మక్క. చేపను చూసి, ఆ తర్వాత నన్ను చూడాలి. అప్పుడు తలెత్తి మాట్లాడగలను. ఏం మాట్లాడాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. "ఎట్లిచ్చినవో అట్లనే ఉన్నడు, జూసుకో అక్కా."

జట్కా ఆగింది. ముందు ఎలీసబెతు దిగింది, తర్వాత మాస్టారు. రోసమ్మక్క దిగలేదు, దూకింది. నెమ్మదిగా నడిచే మనిషి, కాలికి కొంగు అడ్డం పడుతున్నా చూసుకోకుండా వాకిలంతా పరుగెత్తుకొచ్చింది. తొట్టి ముందు నుంచే వచ్చింది. దాని వైపు చూడలేదు. వచ్చి నా మొహాన్ని రెండు చేతుల్లో పట్టుకుంది.

"ఉన్నావా తల్లీ. ఉన్నావా."

"అక్కా, లాజరు..."

"లాజరు గంగలో కలవనీ. నువ్వున్నావు కదా. పెద్దమ్మగారేరి? పీరా ఏడి? అందరూ ఉన్నారా?"

మాస్టారు వెనక నుంచి చెప్పారు. "బెజవాడ స్టేషనుకు రోజూ పోయిందమ్మా. కాకినాడ వెళ్దామంటే కదల్లేదు, మా బావమరిది ఇంట్లోనే ఉండిపోయాం. ఇటు నుంచి ఏ బండొచ్చినా దిగినవాళ్ళందర్నీ అడిగేది. బోయిగూడలో దూదేకుల పీరా వాళ్ళు తెలుసా, ఎలా ఉన్నారు అని. ఒకడు అన్నాడట, ఆ వీధిలో తురకలెవరూ మిగల్లేదని. ఆ రోజు నుంచి తిండి మానేసింది."

నాకు కోపం వచ్చింది. నిజంగా కోపమే వచ్చింది. "నేను గీ ముదనష్టపు చేప కోసం నత్తలేరి, నిలబడి నిలబడి కాళ్ళు పడిపోయి, ఆయన విల్లు తెగగొట్టి, గింత పరేషానైతె, గంగల కలవనీ అంటవా? జూడు. ముందుగాల దాన్ని జూడు" అని, ఆమె భుజాలు పట్టి తొట్టి వైపు తిప్పాను. తిప్పుతూనే ఏడుపు తన్నుకొచ్చింది.

రోసమ్మక్క చూసింది. లాజరు కూడా రెక్కలు ఆడిస్తూ ఆమెను చూశాడు, ఒక కంటితో. "వీడు నాకంటే లావయ్యాడే" అంది. ఎలీసబెతు వంగి చూసింది. నా కొంగు జారితే సర్ది భుజం మీద వేసింది.

మా అత్త గంభీరంగా ముందుకొచ్చింది. తన కొర్రమీల వైపు వేలు చూపించింది. అవి అప్పటికి మూరెడున్నాయి, తొట్టిలో తిరగడానికి చోటు చాలడం లేదు. "రోసమ్మా, మీ గోదారి పులుసు జెయ్యి."

మేమందరం ఆమె వైపు తిరిగాం.

"గట్ల జూస్తరేంది? మందు చేప నా కడుపులకు పోవాలె, అంతే గదా. బతికి పోతేంది, ఉడికి పోతేంది" అంది.

చింతపండు నానింది. సదాశివ కొట్టు నుంచి ఉప్పు వచ్చింది, డబ్బులు అడగలేదు. మధ్యాహ్నానికి ఉమ్మడి వరండాలో అందరం చాప మీద కూర్చున్నాం. మా అత్త ముందు తల ముక్క పెట్టించుకుంది. తింటూ మధ్యలో ఆగి, ఊపిరి బాగా ఆడుతోందని చెప్పింది. ఎలీసబెతు పులుసు రెండుసార్లు వేయించుకుంది. మా ఆయన సూది సంగతి, విల్లు సంగతి చెబుతూ, నేను ముక్కు మీద ఈగను తోలుకోకుండా ఎలా నిలబడ్డానో చేసి చూపించాడు. మాస్టారు పొలమారేలా నవ్వారు. ఒకరి మాట మీద ఒకరు, ఒకరి చెయ్యి మీద ఒకరు. గిన్నె వచ్చినంత వేగంగా ఖాళీ అవుతోంది.

ఎప్పుడూ అందరికంటే ముందు తిని లేచేదాన్ని, ఆ రోజు నాకు ముద్ద దిగలేదు. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, చెయ్యి పళ్ళెంలోనే ఉండిపోయింది. గిన్నెలో మిగిలిన చివరి ముక్క మీద మా ఆయన చెయ్యి వేయబోతే, రోసమ్మక్క ఆ చేతి మీద ఒక్కటి వేసి, ముక్కను తీసి నా పళ్ళెంలో పెట్టింది. ముల్లు తీసి, అన్నంలో కలిపి, ముద్ద చేసి నా నోటి దగ్గర పట్టుకుంది. నేను నోరు తెరిచేదాకా, ఎంతసేపైనా, చెయ్యి కదపకుండా అలాగే పట్టుకుని కూర్చుంది.